కోట కిటికీ దగ్గర ఇద్దరు తల్లులు

పంతొమ్మిదివందల అరవైయేడు, మార్చి తొమ్మిది. నలభైమంది అమరుల పండగ. ఆ రోజు బ్రాన్ కోట కింది ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఎనిమిది అంకెలా చుట్టిన పిండి ముక్కల్ని తియ్యటి నీళ్ళలో ఉడికించి, పైన అక్రోటు పొడి చల్లుకుని తిన్నారు. పరస్కీవ ఇంట్లోనూ వండారు గాని ఎవరూ ముట్టుకోలేదు. ఆర్నెల్ల బిడ్డకి కోరింత దగ్గు. ఊపిరి అందడం లేదు. సాయంత్రానికి పరస్కీవ బిడ్డని దుప్పట్లో చుట్టుకుని కోట ఎక్కింది. అక్కడ పొయ్యిలు వెలిగించి గదులు తుడిచే జంఫీరకి, లోపలి వసారా కిటికీలోంచి బిడ్డని అందించింది. "ఈ బిడ్డ నాది కాదు, నీది" అంది. జంఫీర ఓ జున్ను ముద్ద ఇచ్చి కొనుక్కుంది. ఇలారీ అన్న పేరు తీసేసి, లూపు అని పిలిచింది. తోడేలు అని అర్థం. పాత పేరు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చే చావుకి ఆ పేరుగలవాడు కనపడకూడదని.

బిడ్డ బతికాడు. పెరిగింది పరస్కీవ ఇంట్లోనే. ఆ బిడ్డే ఇవాళ అదే కోటలో యాత్రికులకి గదులు తిప్పి చూపించే లూపు. యాభై దాటిన మనిషి, కాస్త పొట్ట, భార్య రఫీల పోయి చాలా ఏళ్ళయింది.

అమ్మకం సంగతి లూపుకి చిన్నప్పటినుంచీ తెలుసు. కన్నతల్లిని అమ్మా అంటాడు, కొన్నతల్లిని కొన్నమ్మా అంటాడు. అతనికి తెలియనిదల్లా, వాళ్ళిద్దరూ ముప్పయ్యేళ్ళుగా ఎందుకు మాట్లాడుకోవడం లేదన్నది. కొండమీది గడ్డినేల తగాదా అని ఊళ్ళో అనుకునేవాళ్ళు. అతనూ అదే అనుకున్నాడు. జంఫీర కొండ దిగొచ్చి, "కోట ఒక్కసారి చూపించు నాయనా, నిన్నో మాట అడగాలి, అది ఆ కిటికీ దగ్గరే అడగాలి" అంటే సరేనన్నాడు. చెయ్యి పట్టుకుని మెల్లగా వసారా దాకా ఎక్కించాడు. కిటికీ తెరిచి ఉంది. అవతల గదిలో బల్లమీద, నల్ల తలగుడ్డ కట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని పరస్కీవ కూర్చుని ఉంది. పోయినవారం మనం వాళ్ళని అక్కడే వదిలేశాం.

"నువ్వెప్పుడొచ్చావమ్మా?" అన్నాడు లూపు.

"పొద్దున్నే. ద్రగోష్ గేటు తీస్తుంటే వచ్చా. గైడు తల్లికి టిక్కెట్టేమిటని లోపలికి వదిలాడు. వాడికున్న మర్యాద నీకు లేదు. ఆవిణ్ణి తీసుకొస్తున్నానని నాకు చెప్పావా?"

"చెబితే రానిచ్చేదానివి కాదని."

"రానిచ్చేదాన్ని కాదు."

జంఫీర వసారా కొయ్య కమ్మీని పట్టుకుని ఊపిరి తీసుకుంటోంది. ఎనభై దాటింది. మెట్లు ఆమెని బాగా నలిపేశాయి. లూపు గదిలోకి వెళ్ళి ఓ కుర్చీ పట్టుకొచ్చి వసారాలో వేశాడు. అది ముట్టుకోకూడని కుర్చీ, తాడు కట్టి ఉంది. తాడు విప్పేసి కూర్చోబెట్టాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతను చేసిన మొదటి తప్పు అదే. ఆమె కూర్చున్నాక ముఖంలోకి కాస్త రంగు రావడం చూసి, ఫర్వాలేదు అనుకున్నాడు.

అప్పుడు అతనికి ఇంకోటి కనిపించింది. ఆనాడు అమ్మ బయట నిలబడింది, కొన్నమ్మ లోపల. ఇవాళ తారుమారయ్యారు.

"అడుగు కొన్నమ్మా, ఏం అడగాలనుకున్నావో" అన్నాడు.

జంఫీర పరస్కీవ వంక చూడలేదు. లూపు వంకే చూసింది. "నాకు పెద్ద టైము లేదు నాయనా. డాక్టరు చెప్పాడు. చెప్పకపోయినా నాకు తెలుసు. నేను పోయేటప్పుడు నా చేతిలో కొవ్వొత్తి నువ్వు పట్టుకోవాలి. నాకు నువ్వు తప్ప బిడ్డ లేడు."

ఇంతే అడిగింది. కాని ఆ ఊళ్ళో అది చిన్న కోరిక కాదు. పోయేవాళ్ళ చేతిలో వెలిగించిన కొవ్వొత్తి ఉండాలి. దాన్ని వాళ్ళ బిడ్డ పట్టుకుని ఉండాలి. ఆ వెలుగు లేకుండా పోయినవాళ్ళకి దారి కనపడదనీ, వెనక్కి తిరిగొచ్చి ఇళ్ళ చుట్టూ తచ్చాడుతారనీ భయం. అలాంటివాళ్ళని స్ట్రిగోయ్ అంటారు. దూరదేశాలవాళ్ళు ఆ స్ట్రిగోయ్‌కి కోరలు పెట్టి, నల్ల అంగీ తొడిగి, ఈ కోటలో కాపురం పెట్టించారు. ఆ పుణ్యాన ఊరికి గడుస్తోంది. ఊళ్ళో ముసలివాళ్ళకి మాత్రం కోరలంటే భయం లేదు, చీకట్లో ఒంటరిగా పోవడమంటేనే భయం.

"లేచి తిరగడానికి నాకు మోకాళ్ళు కూడా లేవు" అంది జంఫీర. "చచ్చాక కూడా కర్ర పట్టుకుని నడవాలి. ఎవరు జడుస్తారు నన్ను చూసి?"

లూపు నవ్వాడు. నవ్వుతూనే సరే అనబోయాడు.

"పట్టుకోడు" అంది లోపలినుంచి పరస్కీవ.

"అమ్మా!"

"నువ్వుండరా. ఆవిడకి నీ కొవ్వొత్తి కావాలా? అడగనీ. ముందు నేనడిగింది ఇచ్చిందా? అది చెప్పమను. నీ పెళ్ళి ముందురోజు నేనీ కిటికీ దగ్గరికి ఎందుకొచ్చానో చెప్పమను."

జంఫీర తల దించుకుంది.

"చెప్పదు. నేను చెప్తా విను" అని పరస్కీవ లేచి కిటికీ దగ్గరికి వచ్చింది. పొట్టి మనిషి, కిటికీ గట్టుమీద రెండు మోచేతులూ ఆనించింది. "అమ్మిన బిడ్డని పెళ్ళికి ముందు తిరిగి కొనుక్కోవాలి. నీకు తెలీదా? కొనుక్కోకపోతే వాడు పెళ్ళిలో ఇంకొకరి బిడ్డగా నిలబడతాడు. వాడికి కలిసిరావలసినదంతా దారి తప్పుతుంది. నేను వెలగా ఇవ్వడానికి కొత్త చొక్కా కుట్టి, రొట్టె కట్టుకుని వచ్చా. ఆవిడ లోపల పొయ్యి దగ్గరుంది. కిటికీ కొట్టా. జంఫీరక్కా, బిడ్డని తిరిగి ఇవ్వు అన్నా. నా ముఖంలోకి చూసింది. తియ్యలేదు. కొడుతూనే ఉన్నా, తియ్యలేదు. చివరికి కాపలావాడొచ్చి, ఏంటమ్మా ఈ గోల, గాజు పగులుతుంది పో అని పంపేశాడు."

లూపు జంఫీర వంక చూశాడు. ఆమె కాదనలేదు.

"తర్వాత ఏమైంది? పిల్లలు పుట్టలేదు. రఫీల పోయింది. బంగారంలాంటి పిల్ల. నిన్ను తిరిగి కొనుక్కుని ఉంటే నా ఇంట్లో ఇవాళ…"

మాట పూర్తి కాలేదు. వసారా చివరినుంచి ఓ గుంపు వచ్చింది. వేరే గైడు వెనక రావలసినవాళ్ళు, దారి తప్పినట్టున్నారు. ముందున్న పెద్దమనిషి కింద బజారులో కొన్న ప్లాస్టిక్ కోరలు పెట్టుకుని ఉన్నాడు. కిటికీకి ఇవతల ఒక ముసలామె, అవతల ఒక ముసలామె, ఇద్దరికీ కళ్ళనిండా నీళ్ళు. ఆయన ముచ్చటపడిపోయాడు. ఫోను తీస్తూ, ఇది నాటకమా అని లూపుని అడిగాడు.

"కాదండీ" అన్నాడు లూపు ఆయన భాషలో. "మా అమ్మలు."

"ఇద్దరూనా?"

"ఇద్దరూనండీ."

ఆయనకి అర్థం కాలేదు. ఫోను మాత్రం దించలేదు.

"ఏమంటున్నాడు వాడు?" అంది పరస్కీవ.

"ఫోటో తీసుకుంటాడట."

"తీసుకోమను. ముందు ఆ పళ్ళు తీసి జేబులో పెట్టుకోమను. ఏడుస్తున్న ఆడవాళ్ళ ముందు ఆ వేషమేమిటి, వాళ్ళమ్మ చెప్పలేదా?"

లూపు ఆ మాటని కొంచెం మెత్తగా చేసి చెప్పాడు. పెద్దమనిషి ఎర్రబడి, కోరలు తీసేసి, చేతిరుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఫోటో తియ్యలేదు. వెళ్ళబోతూ వెనక్కొచ్చి, తన దగ్గరున్న నీళ్ళసీసా మూత విప్పి జంఫీరకి అందించి పోయాడు. ఆమె రెండు గుక్కలు తాగింది. ఆ నీళ్ళు ఆ సమయానికి ఎంత అవసరమో లూపుకి అప్పుడే తెలిసింది. తనకి తోచనందుకు సిగ్గుపడ్డాడు.

గుంపు పోయింది. కింద ముంగిట్లో ఎవరో బావిలోకి తొంగిచూస్తూ కేక వేస్తే, అది తిరిగొచ్చింది.

లూపు కిటికీ గట్టుమీద, తల్లి మోచేతుల పక్కన చెయ్యి పెట్టాడు.

"అమ్మా, రఫీలకి వచ్చింది రక్తానికి సంబంధించిన జబ్బు. బ్రషోవ్ ఆస్పత్రిలో డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ఎవరికైనా రావచ్చన్నాడు. అదే వార్డులో ఇంకో నలుగురున్నారు. వాళ్ళెవరినీ ఎవరూ కిటికీలోంచి అమ్మలేదు."

"డాక్టరుకేం తెలుసు?"

"అతనికి తెలిసినంత తెలుసు. అక్కడ ఒక నర్సమ్మ ఉండేది. రఫీల చెయ్యి పట్టుకునే ముందు తన చేతులు వేడి గొట్టంమీద పెట్టి కాచుకునేది, చల్లగా తగలకూడదని. రోజూ. ఆఖరి రోజున కూడా. నాకు ఆ రోజులనుంచి గుర్తున్నది అదే. నువ్వేమో ఇన్నేళ్ళుగా ఈ కిటికీని పట్టుకుని ఉన్నావు."

పరస్కీవ గట్టుమీది మోచేతులు తీసి, సంచిలోంచి ఒక పొట్లం బయటికి లాగింది. తెల్లటి చొక్కా. మెడ దగ్గరా మణికట్ల దగ్గరా నల్లదారంతో కుట్టుపని. మడతలు పసుపుపచ్చగా గీతలు పడ్డాయి.

"ఇది తెచ్చా" అంది. "ఇవాళయినా కొనుక్కుని పోదామని. అందుకే పొద్దున్నే వచ్చి కూర్చున్నా. కొవ్వొత్తి అడగడానికి వస్తోందని ఊళ్ళోవాళ్ళ నోట ముందే విన్నా. నువ్వు సరే అంటావనీ తెలుసు. ఆవిడ కొవ్వొత్తి పట్టుకుంటే నాది పట్టుకోకు. పక్కింటివాళ్ళని పిలుచుకుంటా."

"నాకు రెండు చేతులున్నాయమ్మా."

"నేను కన్నవాడివి నువ్వొక్కడివే."

లూపు చొక్కా అందుకుని తన ఒంటికి ఆనించి చూసుకున్నాడు. భుజాలకి సరిపోతుంది, పొట్టకి సరిపోదు. "దీంట్లో దూరాలంటే నేను ఇంకో ముప్పయ్యేళ్ళు తినకూడదు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు గాని, జంఫీర చెయ్యి చాచి ఆ కుట్టుపనిని వేళ్ళతో తడిమింది.

"నువ్వే కుట్టావా పరస్కీ?"

ముప్పయ్యేళ్ళ తర్వాత మొదటి మాట.

"ఇంకెవరు కుడతారు?" అంది పరస్కీవ. కొంచెం ఆగి, గొంతు మార్చకుండానే, "మెడ దగ్గర వంకర పోయింది. దీపం వెలుగులో కుట్టా" అంది.

"పోలేదు. బాగుంది." జంఫీర చొక్కాని ఒళ్ళో పెట్టుకుంది. దాన్ని మళ్ళీ మడవడం మొదలుపెట్టింది. అంచుకి అంచు కలిసేలా మడిచింది. గదులు సర్దిన మనిషి. "ఇస్తా" అంది.

"ఏమిటి ఇచ్చేది?"

"నీ బిడ్డని. తిరిగి అమ్మేస్తా. చొక్కా తీసుకుంటా, వాణ్ణి ఇచ్చేస్తా."

ఆమె ఏమంటోందో పరస్కీవకంటే ముందు లూపుకే అర్థమయింది. తిరిగి అమ్మేస్తే ఆమెకి బిడ్డ లేడు. బిడ్డ లేకపోతే కొవ్వొత్తి పట్టుకునే చెయ్యి లేదు. దానికోసమే కొండ దిగి వచ్చింది, దాన్నే ఇచ్చేస్తానంటోంది.

"అయినా పట్టుకుంటాను కొన్నమ్మా. నువ్వు అమ్మినా, అమ్మకపోయినా" అన్నాడు.

"పట్టుకుంటావు, నాకు తెలుసు. కాని అప్పుడు దయగల మనిషెవరో పట్టుకున్నట్టు పట్టుకుంటావు. వద్దనను. ఇప్పటిదాకా నేను అనుకున్నది మాత్రం అది కాదు." పరస్కీవ వంక తిరిగింది. "వాడి పెళ్ళాం పోయినప్పుడు నన్ను తిట్టుకుంటావని తెలుసు. ఇన్నేళ్ళూ ప్రతి రాత్రీ తిట్టుకుంటావని తెలీదు. తెలిసుంటే ఎప్పుడో వచ్చేదాన్ని. కానీ ఒక్కటి. ఇవాళ వద్దు. రేపు పొద్దున గేటు తీసేముందు ఇక్కడికే వచ్చి ఇచ్చేస్తా. ఈ ఒక్క రాత్రి వాణ్ణి నా బిడ్డగా ఉండనీ."

పరస్కీవ కిటికీ గట్టుని అరచేత్తో తుడిచింది. ముప్పయ్యేళ్ళుగా అడగాలనుకున్నది చేతికి అందింది. అందినవాళ్ళ ముఖం అలా ఉండదు.

"రేపు వీణ్ణి ఈ కిటికీలోంచి దూర్చాలి కూడాను" అంది చివరికి. "ఇంత పొట్టతో ఎలా దూరతాడు? ఇరుక్కుపోతే కోటవాళ్ళు ఊరుకుంటారా?"

"ద్రగోష్‌ని పిలుద్దాం. వెనకనుంచి తోస్తాడు" అంది జంఫీర.

ఈసారి ముగ్గురూ నవ్వారు. పరస్కీవ అందరికంటే ముందు ఆపేసి, తలగుడ్డ సర్దుకుంది.

మధ్యాహ్నానికే కొండమీద మంచు పడటం మొదలయింది. జంఫీర ఉండే పై ఊరికి వెళ్ళే చిన్న బస్సు ఆ రోజు ఇక రాదని ద్రగోష్ కబురు తెచ్చాడు. లూపు తన ఇంటికి తీసుకెళదామనుకున్నాడు. అతని ఇంట్లో వెచ్చటి గది ఒక్కటే, అందులో మంచమూ ఒక్కటే. ఏం చెయ్యాలా అని ఆలోచిస్తుంటే, మెట్లు దిగుతున్న పరస్కీవ వెనక్కి తిరగకుండానే అంది:

"మా ముందుగదిలో పొయ్యి రాజేస్తా. ఆవిణ్ణి జాగ్రత్తగా దింపు. ఆఖరి మెట్టు జారుతుంది."

సాయంత్రం పరస్కీవ ఇంట్లో మామలీగ అనే మొక్కజొన్న ముద్ద, గొర్రెపాల జున్ను, బీన్సు గింజల సూపు. పరస్కీవ వడ్డిస్తూ జంఫీర పళ్ళెంలో జున్ను పైపొర తీసేసింది, నమలడానికి గట్టిగా ఉంటుందని. చేసి, ఏమీ చెయ్యనట్టు పక్కకి తిరిగింది. ఇద్దరూ మంచు గురించీ, కొత్తగా వచ్చిన చర్చి గురువుగారి గొంతు గురించీ మాట్లాడుకున్నారు. గొంతు బాగాలేదన్న దగ్గర ఇద్దరికీ ఒకటే అభిప్రాయం. లూపు మనసులో రేపటి కిటికీయే తిరుగుతోంది.

ముందుగది చుట్టాలకని ఉంచే గది. చేత్తో నేసిన తివాచీలు, గోడమీద దేవుడి పటం, పెంకుల పొయ్యి. మంచంమీద ఎత్తుగా పేర్చిన దిళ్ళలో ఒకటి పరస్కీవ తన మంచంమీదినుంచి తెచ్చి వేసిందని లూపు గమనించాడు. జంఫీర పడుకుంది. ఊపిరి పొద్దుటికంటే గట్టిగా వినిపిస్తోంది. కాని భయపెట్టేలా లేదు. పొయ్యి వేడికి బుగ్గలు ఎర్రబడ్డాయి.

లూపు మంచం పక్కన కూర్చుని, కంబళి అంచు ఆమె పాదాల కిందికి సర్దాడు.

"కొన్నమ్మా, నువ్వు చెడ్డదానివి కావు. మా అమ్మమీద నీకు కోపమూ లేదు. మరి ఆ రోజు కిటికీ ఎందుకు తియ్యలేదు?"

జంఫీర కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాడు.

"మాట ఇచ్చాను నాయనా. చెప్పనని. చనిపోయిన మనిషికిచ్చిన మాట."

"ఎవరికి?"

గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు. పరస్కీవ కప్పులో లిండెన్ పూల టీ పట్టుకుని వచ్చి, గడపమీద ఆగింది. జంఫీర ఆమెని చూసింది. చూసి కూడా ఆపలేదు.

"రేపు నిన్ను ఇచ్చేస్తే, ఆ మాట నాతోనే పోతుంది. ఈ రాత్రి నువ్వు నా బిడ్డవి కాబట్టి చెప్పచ్చు. మీ అమ్మ కిటికీ కొట్టిన రోజుకి ముందురోజు ఒక పిల్ల నా దగ్గరికి వచ్చింది. రేపు ఆవిడ వస్తుంది, నువ్వు మాత్రం కిటికీ తియ్యకు, నీ కాళ్ళు పట్టుకుంటాను, వాణ్ణి తిరిగి ఇవ్వకు అంది. నీ రఫీల."

లూపు తల తిప్పి తల్లి వంక చూశాడు. పరస్కీవ ముఖం కప్పులోంచి లేస్తున్న ఆవిరి వెనక తెల్లగా కనిపించింది. ఆమెకీ తెలియదు. అడగచ్చు. లోపలికి వచ్చి, ఎందుకలా అంది, నా కోడలు నామీదే చెప్పిందా అని నిలదీయచ్చు. ముప్పయ్యేళ్ళుగా ఆ జవాబు కోసమే ఆమె కాచుకుని ఉంది.

పరస్కీవ టీకప్పుని గుమ్మం పక్కనున్న పెట్టెమీద చప్పుడు కాకుండా పెట్టింది. "చల్లారకముందే తాగించు" అంది కొడుకుతో. "ఆమె మాట సగంలో ఆపించకు. ఓపిక ఉన్నంతవరకు చెప్పనీ."

వెనక్కి ఒక అడుగు వేసి, తలుపుని దగ్గరికి లాగి, గడియ మోగకుండా చేత్తో పట్టుకుని మెల్లగా వేసేసింది.